కబురు ఎక్కడ ఆగిందో వెతకడమూ ఉద్యోగమే

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో ఎం.బి.ఏ. హెచ్.ఆర్. చివరి సంవత్సరం చదువుతోంది. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ‘ఉద్యోగులకు సమాచారం చేరే పద్ధతిని మెరుగుపరచడం’ అనే అంశంపై ప్రాజెక్టు చేస్తానంటోంది. ఇంగ్లిష్ అంతంతమాత్రం. దీనితో ఉద్యోగం వస్తుందా? జీతాల లెక్కల మీద చేయమంటే మేలు కాదా? – ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: అయ్యా, ఈ పనికి ప్రత్యేక విభాగం, హోదా సాధారణంగా హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీల్లోనే కనిపిస్తాయి, చౌటుప్పల్, పోలేపల్లి వైపు ఫ్యాక్టరీల్లో హెచ్.ఆర్. ఉద్యోగి నెత్తిన ఉండే పది పనుల్లో ఇదొకటి. కాబట్టి ఆ పేరుతో వచ్చే ప్రకటన కోసం మీ అమ్మాయి ఎదురుచూడనక్కరలేదు. అయితే జీతాల లెక్కల గురించి ఇంటర్వ్యూలో అందరూ ఒకే పాఠం అప్పజెబుతారు, మేనేజర్ గదిలో బయలుదేరిన కబురు గేటు దాకా చేరేలోపు ఎక్కడ ఆగిపోయిందో కళ్లారా చూసి వచ్చిన వాళ్లు మాత్రం అరుదు.

ఇంగ్లిష్ గురించి మీరు పడుతున్న భయం ఈ అంశానికి వర్తించదు. చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో పెట్టవలసిన నోటీసులు ఇంగ్లిష్‌తో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే రాశారు. రోజువారీ కబుర్ల దగ్గర ఆ స్ఫూర్తి కనబడదు. నేను చూసిన ఒక ఫ్యాక్టరీలో నార్కట్‌పల్లి నుంచి వచ్చే షిఫ్టు బస్సును పావుగంట ముందుకు జరిపి, ఆ సంగతి ఇంగ్లిష్‌లో టైపు చేసి, క్యాంటీన్ బోర్డు మీద నిరుటి దసరా సెలవుల జాబితా పక్కన అంటించారు. సోమవారం తెల్లవారుజామున వచ్చినవాళ్లు వచ్చినట్టే రోడ్డు మీద నిలబడిపోయారు. ‘మాకెవ్వలు చెప్పలే సార్’ అని వాళ్లు, ‘నోటీసు పెట్టాం కదా’ అని ఆఫీసు. ఇద్దరి మాటా నిజమే, మీ అమ్మాయి ప్రాజెక్టు ఆ రెండు మాటల నడుమ ఉంది.

బస్సు తప్పితే ఒకరోజు కూలి పోతుంది, షిఫ్టు మారేటప్పుడు మాట తప్పితే ప్రాణాలే పోతాయి. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై, మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసి ఉంచిన సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. వాళ్లు ఆ పంపును నడిపించారు, ఆ ప్రమాదంలో 167 మంది చనిపోయారు. రసాయనాలు కలిపే రియాక్టర్లు, సాల్వెంట్లతో (ద్రావకాలతో) పనిచేసే మన మందుల ఫ్యాక్టరీల్లోనూ దిగిపోయే ఆపరేటర్ లాగ్‌బుక్‌లో ఏం రాశాడు, ఎక్కే ఆపరేటర్ దాన్ని చదివాడా లేక సంతకం మాత్రమే పెట్టాడా అన్నది చూడవలసిన విషయం.

అందుచేత ‘ఎల్లప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు’ అని టిక్కులు పెట్టించే ప్రశ్నపత్రాన్ని నమ్ముకోవద్దని చెప్పండి, సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉంటే ఎవరైనా మంచిగానే టిక్కు పెడతారు. గత నెలలో వచ్చిన ఒకే ఒక్క కబురును తీసుకుని, అది ఎవరికి, ఎవరి నోట, ఎన్నడు చేరిందో పది పదిహేను మందిని విడివిడిగా అడిగితే చాలు. వాట్సాప్ గ్రూపులో లేని కాంట్రాక్టు కార్మికులనూ, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే వచ్చిన హిందీతో వాళ్లనూ తప్పక అడగాలి. దేవరకొండ పిల్ల మాటతీరు ఇక్కడ చేసే మేలు ఏ ఇంగ్లిష్ కోర్సూ చేయదు.

500 మంది, ఆపైన కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలని అదే చట్టం 49వ సెక్షన్ నిర్దేశించేది, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ హద్దును 250 మందికి దించింది. ఈ ప్రాజెక్టు అటువంటి ఉద్యోగానికి దగ్గరి దారి, కానీ అర్హతలను నిర్ణయించేవి రాష్ట్ర నిబంధనలు కనుక, తన ఎం.బి.ఏ. సరిపోతుందో, అదనంగా డిప్లొమా కావాలో ఇప్పుడే చూసుకోవాలి. అనుమతి లేఖలో షిఫ్టు మార్పిడి సమయాన్ని గమనిస్తానన్న మాట ముందే రాయించుకోమనండి. అది లేకపోతే సెక్యూరిటీ వాళ్లు మధ్యాహ్నం ఒకటిముప్పావుకు ఆమెను హెచ్.ఆర్. గది దాటి పోనివ్వరు.