రక్తంలో సీసం 72, కొత్తిమీర రసంతో దిగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 52 ఏళ్ళు, షుగర్ ఉంది. తెలిసినాయన ఇచ్చిన భస్మం మాత్రలు ఎనిమిది నెలలుగా తేనెలో వేసుకుంటున్నారు. రెండు నెలల్నించి కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం. ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మలే. చివరికి రక్తంలో సీసం టెస్ట్ చేయిస్తే 72 వచ్చింది. విరుగుడు మందులు వాడదాం అన్నారు. మా ఆడపడుచేమో వాటితో కిడ్నీలు పోతాయి, కొత్తిమీర రసం తాగిస్తే చాలంటోంది.
– ఒక సోదరి, నెల్లూరు

జవాబు: ముందు ఆ మాత్రలు ఆపారా అమ్మా? ఆ సంగతి రాయలేదు మీరు. ఆపకుండా విరుగుడు వాడితే ఓ పక్క పోస్తూ ఇంకో పక్క తోడినట్టే, పైగా కొన్ని మందులు పేగుల్లో ఉన్న సీసాన్ని ఇంకా ఒంట్లోకి లాగొచ్చు కూడా. డబ్బా మాత్రం పారెయ్యకండి, డాక్టర్‌కి చూపించండి, అందులో ఏముందో ల్యాబ్‌లో తేలుతుంది.

డెసిలీటర్‌కి 5 మైక్రోగ్రాములున్నా చాలు, సీసం ఎక్కణ్నించి వస్తోందో వెతకమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మీవారికి 72, దానికి తోడు కడుపునొప్పి, కాబట్టి మీ డాక్టర్ చెప్పింది కరెక్టే. ఈ మందులు సీసాన్ని పీత డెక్కలతో పట్టుకున్నట్టు పట్టుకుని మూత్రంలోకి లాక్కెళ్తాయి. వీటిల్లో పాతది బీఏఎల్, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్సెనిక్ గ్యాస్‌కి విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో తయారుచేశారు, వేరుశనగ నూనెలో కలిపిన ఇంజెక్షన్, నొప్పి మామూలుగా ఉండదు! ఇప్పుడు నోటితో వేసుకునే సక్సిమర్, డి-పెనిసిల్లమైన్ ఉన్నాయి. సక్సిమర్ కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది, మందు పాడైందేమో అని కంగారుపడొద్దు. పెనిసిలిన్ పడకపోతే ముందే చెప్పండి.

మీ ఆడపడుచు భయం పూర్తిగా తప్పేం కాదు. ఇవి జింక్, రాగి లాంటి ఒంటికి కావాల్సినవాటిని కూడా లాగేస్తాయి, అందుకే కోర్సు నడిచినన్నాళ్ళూ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), తెల్లకణాలు, యూరిన్ చూస్తూ ఉండాలి. డీటాక్స్ డ్రిప్ అని ఎవరైనా పిలిస్తే మాత్రం వెళ్ళకండి, వాటిల్లో ఎక్కించే ఈడీటీఏ కూడా ఓ విరుగుడు మందే, కానీ అందులో కాల్షియం కలిపిన రకమే సీసానికి వాడాలి, కలపని రకం ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోవచ్చు, 2003-05 మధ్య అమెరికాలో కాల్షియం ఇలా పడిపోయి ముగ్గురు పోయారు. కొత్తిమీరంటారా, పప్పులో వేసుకోండి, బావుంటుంది, 72ని దించే పని దానికి అప్పజెప్పొద్దు.

ఇంకోటి, కోర్సు అయ్యాక దిగిన నంబర్ రెండు మూడు వారాల్లో మళ్ళీ కొంచెం పెరుగుతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో సీసం నూటికి 90 పాళ్ళు పైగా ఎముకల్లోనే ఉంటుంది, అక్కణ్నించి మెల్లగా రక్తంలోకి దిగుతుంది. అప్పుడు మళ్ళీ టెస్ట్ చేయించండి, రెండో కోర్సు కావాలో లేదో డాక్టరే చెప్తారు. ఇంట్లో ఇంకెవరైనా ఆ మాత్రలు రుచి చూసుంటే వాళ్ళకీ చేయించండి.