మాత్ర మొదలుపెట్టాలా వద్దా?

తమ్ముడూ, డాక్టర్ డిప్రెషన్‌కి సెర్ట్రలీన్ అనే మాత్ర రాశారని, వేసుకుంటే అలవాటైపోతుందేమో, వీసాకి అడ్డమొస్తుందేమో అని భయపడుతున్నావు. వీసా సంగతి ముందు చెప్తాను. నీ అనుమతి లేకుండా డాక్టర్ నీ జబ్బు వివరాలు నీ వీసా చూసే కంపెనీకి చెప్పకూడదు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో మాత్రం అడుగుతారు, దాచకు. ఆ జబ్బు వల్ల నీకో ఇంకొకరికో హాని జరిగే ప్రమాదం ఉందా అన్నదే వాళ్లకి ముఖ్యం.

నేను అమెరికాలో ఈ మినియాపోలిస్ వచ్చిన రెండో చలికాలం. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. రెండు నెలలు పప్పు కూడా వండుకోబుద్ధి కాలేదు. డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం డాక్టర్ ఇస్తే 27కి 17 వచ్చాయి. ఎక్కువ మార్కులొచ్చి ఏడ్చిన పరీక్ష అదొక్కటే! థైరాయిడ్, బీ12 కూడా చూశారు. నువ్వూ అడుగు, మన శాకాహారుల్లో బీ12 తక్కువ ఉండటం మామూలే.

నీ డిప్రెషన్ తేలికపాటిదైతే మందు లేకుండా కౌన్సెలింగ్‌తోనే సరిపోవచ్చు. తీవ్రంగా ఉంటే మందు వల్ల లాభం బాగా తెలుస్తుంది. ఇబ్బందేంటంటే నష్టం ముందు కనిపిస్తుంది. మొదటి పది రోజులు నాకు వికారం, నిద్ర లేదు, గుణం మాత్రం సున్నా. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఓ ఆదివారం పోపులో ఇంగువ వాసన రాగానే ఆకలేసింది. ఎన్నాళ్లకో!

సెక్స్ మీద ఆసక్తి తగ్గొచ్చు. మనవాళ్లు సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పరు. చెప్తే డోసో మందో మారుస్తారు. నీకింకా పాతికేళ్లు నిండలేదు కాబట్టి ఒక జాగ్రత్త. మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని ఎఫ్‌డీఏ (అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ) హెచ్చరిక ఉంది. రూమ్మేట్‌కి చెప్పి ఉంచు. అలాంటి ఆలోచనొస్తే వెంటనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉంటే మాత్ర మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పు. దగ్గు మందులు, ట్రమడాల్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడేముందు ఫార్మసిస్టుని అడుగు.

ఇక అలవాటు సంగతి. సిగరెట్‌లా మనసు లాగదు కానీ హఠాత్తుగా మానేస్తే శరీరం ఊరుకోదు. విజయవాడ వెళ్తూ, అమ్మ చూస్తుందని సీసా ఇక్కడే వదిలేశాను. మూడో రోజుకి కళ్లు తిప్పితే చాలు, తలలో కరెంటు కొట్టినట్టుండేది. ఆ తప్పు నాదే. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. మానేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఊరెళ్లేటప్పుడు లేబుల్ ఉన్న సీసాతోనే, చేతి సామానులో పెట్టుకో. కిందటేడు అమ్మ చూసి "బీపీ బిళ్లలా?" అంది. కాదని చెప్పాను. ఏమీ అనకుండా తన షుగర్ మాత్రల డబ్బాలో ఓ గడి ఖాళీ చేసి ఇచ్చింది.