మొక్క మందే కదా, ఏం చేస్తుందిలే అనుకోవచ్చా?

మీ ప్రశ్న ఇది: నాన్నగారు బీపీకి, షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు. తెలిసినవాళ్లు మూలికల పొడులు తెచ్చిస్తున్నారు. సహజమైనవి కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంటున్నారు. మాత్రలతో పాటు వాటిని వేయచ్చా, అసలు అవి ఒంట్లో ఏం చేస్తాయి?

నేను చాలా ఏళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను కాబట్టి ఫలానా పొడి వేయండి, ఫలానాది మానండి అని చెప్పను. కానీ అవి ఒంట్లో ఏం చేస్తాయో తెలిస్తే, వేయచ్చా లేదా అన్నది సగం మీకే తేలిపోతుంది.

ముందు నాన్నగారి మాత్రల సంగతే చూద్దాం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, దాని మూలం గలేగా అనే మొక్క. అందులోని గలెజిన్ అనే పదార్థం చక్కెరను తగ్గిస్తుంది గానీ విషం పాలు ఎక్కువ. అదే కుటుంబంలో ఒంటికి సరిపడే అణువు కోసం వెతికితే దొరికింది మెట్‌ఫార్మిన్. దాన్ని షుగర్ రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలను ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు 1957లో ప్రచురించారు. బీపీ మాత్ర ఎనాలప్రిల్‌, రామిప్రిల్‌ లాంటిదైతే దాని వెనక ఒక పాము ఉంది. బ్రెజిల్‌లో ఉండే జరారాకా అనే పాము విషంలోని పదార్థాల మీద జరిగిన పరిశోధన నుంచే ఆ రకం మందుల్లో మొదటిదైన కాప్టోప్రిల్ పుట్టింది. 1981లో వాడకంలోకి వచ్చింది. కాబట్టి సహజమైనవి ఇటు, కెమికల్స్ అటు అని మందులను రెండు కుప్పలు పోయడం మా కౌంటర్ దగ్గర కుదిరే పని కాదు.

ఒంట్లో ఏం చేస్తాయన్నదానికి వస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ నా చేతిలో పొడపత్రి ఆకు పెట్టి నమలమన్నారు. కాస్త చేదు. నమిలి ఉమ్మేశాక చెంచాడు చక్కెర నోట్లో వేసుకోమన్నారు. తీపి లేదు! పలుకులు నాలుకకు తగులుతున్నాయి, కరుగుతున్నాయి, రుచి మాత్రం లేదు. ఉప్పు వేసుకుంటే ఉప్పగానే ఉంది. కాసేపటికి తీపి దానంతటదే తిరిగొచ్చింది. పొడపత్రిలో జిమ్నెమిక్ ఆమ్లాలు ఉంటాయి. నాలుక మీద తీపిని పట్టే రిసెప్టర్లకు అతుక్కుని అవి వాటిని పనిచేయనివ్వవు. మిగతా రుచుల జోలికి పోవు. మందు పనిచేయడం అంటే చాలా మటుకు ఇదే. ఒక అణువు వెళ్లి ఒంట్లో ఒక చోట అతుక్కుంటుంది, అక్కడ జరిగే పని ఆగుతుంది, లేదా పెరుగుతుంది. ఆ అణువు ఆకులోంచి వచ్చిందా, ఫ్యాక్టరీలోంచి వచ్చిందా అన్నది ఆ రిసెప్టర్‌కు తెలియదు.

సైడ్ ఎఫెక్ట్ కూడా ఇందులోంచే వస్తుంది. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ మెదడులో, వెన్నుపాములో కొన్ని రిసెప్టర్ల మీద పనిచేసి నొప్పిని తగ్గిస్తుంది. అవే రిసెప్టర్లు పేగుల్లోనూ ఉన్నాయి. అందుకే మార్ఫిన్ వాడే క్యాన్సర్ రోగులకు మలబద్ధకం తప్పదు. నొప్పి తగ్గించడం, పేగు కదలికను మందగింపజేయడం రెండూ ఒకే పని, చోటు వేరు, అంతే. ఆ మలబద్ధకానికి మేము తరచూ ఇచ్చేది ఇంకో మొక్క మందు, సునాముఖి. దానిలోని సెన్నోసైడ్లు కడుపులో, చిన్నపేగులో ఏమీ చేయకుండా దిగిపోతాయి. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని విడగొట్టాకే పని మొదలవుతుంది. రాత్రి వేసిన మాత్ర పొద్దునకు గానీ పనిచేయకపోవడానికి కారణం అది. ఇంకో మాత్ర వేయమంటారా అని రాత్రిపూట ఫోన్లు చేస్తుంటారు. వద్దు, ఆగండి అనే చెబుతాం.

మొక్కలు ఇవన్నీ మన కోసం తయారు చేయలేదన్నది కూడా మరచిపోకూడదు. మొక్క పారిపోలేదు కాబట్టి తినడానికి వచ్చే పురుగును, పశువును తరమడానికి రసాయనాలు తయారు చేసుకుంటుంది. పురుగు నరాలను దెబ్బతీసే పదార్థం మన నరాల మీదా ఏదో ఒకటి చేస్తుంది. కొద్ది మోతాదులో అదే మనకు మందు.

ఇక మా ఇంట్లోనే జరిగిన ఒక కేసు చెబుతాను, మీ నాన్నగారి పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. మా మేనమామకు గుండె బలహీనత, లయ తప్పడం రెండూ ఉన్నాయి. డిగాక్సిన్, ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాడు. చాలాకాలం ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి ఉన్నట్టుండి అన్నం సయించడం లేదన్నాడు, వికారం మొదలైంది. గ్యాస్ అనుకున్నారు. తర్వాత లైట్ల చుట్టూ పచ్చగా వలయాలు కనిపిస్తున్నాయన్నాడు. ఇంట్లోవాళ్లు కంటి డాక్టర్ దగ్గరికి బయల్దేరుతుండగా నాకు ఫోన్ చేశారు. డిగాక్సిన్ వాడే మనిషి తిండి తగ్గిందని, రంగులు పచ్చగా కనిపిస్తున్నాయని అంటే మా వృత్తిలో ఎవరికైనా టెన్షనే. నాడి చూడమన్నాను. యాభై కూడా లేదు. కంటి డాక్టర్ని వదిలేసి గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

చిత్రమేమిటంటే రక్తంలో డిగాక్సిన్ ఉండాల్సిన హద్దులోనే ఉంది. మోతాదు ఎవరూ మార్చలేదు. పొటాషియం మాత్రం 2.7. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. "ఇంకేమైనా వాడుతున్నావా మామయ్యా?" అని అడిగాను. "మందులేం లేవురా. గొంతు గరగరకి అతిమధురం పొడి, రోజూ పొద్దున, సాయంత్రం. అంతే."

అసలు విషయం ఆ 'అంతే'లో ఉంది. అతిమధురంలో గ్లైసిరైజిన్ అనే తియ్యటి పదార్థం ఉంటుంది. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఉంది కదా, అది మూత్రపిండాల్లో ఉప్పునీటిని పట్టి ఉంచే రిసెప్టర్ల మీద పడకుండా ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. గ్లైసిరైజిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. ఎప్పుడో ఒకసారి చప్పరిస్తే ఏమీ కాదు. రోజూ వారాల తరబడి తీసుకుంటేనే ఇబ్బంది. మామయ్యకు నీరు తీసే మాత్ర కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. రెండూ కలిశాయి.

పొటాషియం తగ్గితే డిగాక్సిన్‌కు ఏమిటి? గుండె కండరంలోని కణాల గోడల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే పంపులు ఉంటాయి. డిగాక్సిన్ వాటికి అతుక్కుని ఆపుతుంది. దాంతో కణంలో సోడియం, దాని వెనకే కాల్షియం పెరిగి గుండె గట్టిగా కొట్టుకుంటుంది. పొటాషియం, డిగాక్సిన్ ఆ పంపు దగ్గర ఒకే కుర్చీ కోసం పోటీ పడుతుంటాయి. పొటాషియం తగ్గితే అదే డిగాక్సిన్ ఎక్కువ కుర్చీలు ఆక్రమిస్తుంది. మోతాదు మారకుండానే మందు విషమైంది. డిగాక్సిన్, అతిమధురం రెండూ ఆపి, పొటాషియం ఎక్కించి, ఈసీజీ చూస్తూ కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కోలుకున్నాడు.

ఇందులో రెండు వైపులా ఉన్నవి మొక్క మందులే, గమనించారా? డిగాక్సిన్ వచ్చేది ఫాక్స్‌గ్లవ్ జాతి మొక్కల నుంచి. విలియం విథరింగ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు, ఒళ్లు నీరు పట్టిన రోగులకు ఇచ్చే ఇరవై చిల్లర మూలికల మందు గురించి విని, అందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటే అని పట్టుకున్నాడు. రోగుల వివరాలతో 1785లో పుస్తకం వేశాడు. మోతాదు మించితే వాంతులు, చూపు పచ్చబడటం, నాడి ముప్ఫై అయిదుకు పడిపోవడం, ప్రాణం పోవడం వరకూ అందులోనే రాశాడు. మా మామయ్య చెప్పిన లక్షణాలు అందులో ఉన్నాయి!

ఆకు పొడితో వచ్చే అసలు చిక్కు మోతాదు. ఏ నేలలో పెరిగింది, ఏ నెలలో కోశారు, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి ఆకులోని సరుకు మారిపోతుంది. ఫాక్స్‌గ్లవ్ ఆకు పొడి ఎంత ఘాటుగా ఉందో తేల్చడానికి ఒకప్పుడు కప్పల మీద, పిల్లుల మీద పరీక్షించేవారు. 1930లో డిగాక్సిన్‌ను విడిగా తీశాక ఆ బాధ పోయింది. ఇప్పుడు మాత్రలో పావు మిల్లీగ్రాము అంటే పావు మిల్లీగ్రామే. మూలిక పొడిలో ఆ భరోసా ఉండదు. చెంచా కొలత ఒకటే అయినా లోపల ఉన్నది ఒకటే కాదు.

మీ నాన్నగారి విషయంలో నేను ముందుగా చూసేవి చెబుతాను. బీపీ ఉంది కాబట్టి ఆ పొడుల్లో అతిమధురం ఉందేమో చూడండి. దగ్గు, గొంతు, జీర్ణం పేరుతో వచ్చే చాలా మిశ్రమాల్లో ఉంటుంది. సర్పగంధి ఉందేమో చూడండి. అది బీపీ తగ్గిస్తుందన్న మాట నిజమే. డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో ఆ ఫలితాలను ప్రచురించారు, 1952లో వేరే శాస్త్రవేత్తలు దాన్నుంచి రిసర్పిన్‌ అనే పదార్థాన్ని విడదీశారు. కానీ రిసర్పిన్ పనిచేసే పద్ధతి ఏమిటంటే, నరాల చివర్లలో నిలవ ఉండే నోరెడ్రినలిన్, సెరటోనిన్ లాంటివాటిని ఖాళీ చేయడం. బీపీతో పాటు మనసూ దిగులు పడొచ్చు, ముక్కు దిబ్బడ, మగతా రావచ్చు. మాత్రల మీద ఇది కూడా పడితే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.

షుగర్ తగ్గించే పొడులు నిజంగా తగ్గిస్తే అది ఇంకో రకం సమస్య. మాత్రా, పొడీ కలిసి చక్కెరను మరీ కిందికి లాగితే చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. బిళ్ళగన్నేరు ఆకు నమలమని ఎవరైనా చెబితే మాత్రం వద్దు. షుగర్‌కి పనికొస్తుందని విని 1950లలో కెనడాలో దాన్ని పరీక్షిస్తే, చక్కెర మీద పెద్దగా ఫలితం కనబడలేదు, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్ దొరికాయి. కణం రెండుగా విడిపోకుండా ఆపే క్యాన్సర్ మందులవి. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. మా ఫార్మసీలో దాన్ని తాకాలంటే చేతికి గ్లవ్స్ ఉండాల్సిందే.

కొన్ని మూలికలు తాము నేరుగా ఏమీ చేయకపోయినా వేరే మందును పాడుచేస్తాయి. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ కాలేయంలో మందులను విరిచే ఎంజైమ్‌ను పెంచుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వేసుకునే సైక్లోస్పోరిన్ దానివల్ల రక్తంలో తగ్గిపోయి, అతికించిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టిన సందర్భాలున్నాయి.

పొడుల ప్యాకెట్లన్నీ సంచిలో వేసుకుని నాన్నగారి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పేరు లేని పొట్లమైతే వాడొద్దు, ఇందులో బేరమే లేదు. ఏది ఎప్పటి నుంచి, రోజుకు ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే చాలామంది లేదనే చెబుతారు, మా మామయ్యలా. అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో అది మందు కాదు. పొడి మొదలుపెట్టాం కదా అని బీపీ, షుగర్ మాత్రలు మాత్రం సొంతంగా ఆపించకండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే ముందుగానే మత్తు డాక్టర్‌కు ఈ జాబితా చూపించండి.

నాన్నగారు ఇప్పటికే అతిమధురం రోజూ తీసుకుంటుంటే పొటాషియం పరీక్ష, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మానేసి వారమైంది కదా అని వదిలేయొద్దు. దాని ప్రభావం మానేశాక కూడా కొన్ని వారాలు ఉండొచ్చు.