అద్దాల పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిగ్రీ అయింది. షాపులకు, ఇళ్లకు కిటికీ అద్దాలు శుభ్రం చేసే పని మొదలుపెట్టాలనుంది. అనుభవం బొత్తిగా లేదు. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు మీ ఇంటి అద్దాల మీద చేయి తిరగనివ్వండి, గిరాకీ సంగతి తర్వాత. సామాను తక్కువే: అద్దాలకు వాడే 14 అంగుళాల వైపర్ (నేల తుడిచేది పనికిరాదు), మైక్రోఫైబర్ తొడుగున్న వాషర్ (అద్దాన్ని తడిపి రుద్దే పిడి), వెడల్పు బకెట్, పోగులు రాలని గుడ్డలు, వైపర్‌కు విడి రబ్బర్లు.

10 లీటర్ల నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా చాలు. ఎక్కువైతే చారలు మిగులుతాయి. పొడి దుమ్ము దులిపి, వాషర్‌తో అద్దమంతా తడిపి రుద్దండి. పై అంచున అంగుళం మేర గుడ్డతో ఆరబెట్టి, వైపర్ అక్కడ ఆనించి కిందికి లాగండి. లాగిన ప్రతిసారీ రబ్బరు తుడవాలి. రెండో లాగుడు మొదటిదాని మీద రెండంగుళాలు ఎక్కాలి. సన్నని నీటిగీత మిగులుతోందంటే రబ్బరు అంచు దెబ్బతిన్నట్టే. రబ్బరును తిరగేసి బిగించండి, లేదా మార్చండి.

మన దగ్గర అసలు చిక్కు బోరు నీళ్లతోనే. లవణాలు ఎక్కువున్న ఆ గట్టి నీళ్లు అద్దం మీద ఆరితే తెల్లమచ్చలు పడతాయి, ఎండలో ఇంకా తొందరగా. అందుకని పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు చేయండి. లేత మచ్చలకు వెనిగర్, నీళ్లు సమంగా కలిపి వాడండి. యాసిడ్ మాత్రం వద్దే వద్దు. అల్యూమినియం ఫ్రేము పాడవుతుంది, మీ ఊపిరికీ ప్రమాదం.

మొదట కింది అంతస్తు షోరూములు, మెడికల్ షాపులు పట్టండి. వారం వారం పని దొరికేది అక్కడే. ఇళ్ల గిరాకీ దసరా, సంక్రాంతి ముందు పెరుగుతుంది. కానీ గ్రిల్, దోమల మెష్, స్లైడింగ్ ఛానల్‌లో పేరుకున్న మట్టి మీ సమయం తినేస్తాయి. వాటికి విడిగా రేటు చెప్పండి, అదీ కళ్లారా చూశాకే.

నిచ్చెన కాళ్లు నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా ఉండాలి. కరెంటు తీగల దగ్గర అల్యూమినియం నిచ్చెన ఎత్తొద్దు. తాడు మీద వేలాడే పని శిక్షణ లేకుండా ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకండి.

ప్రశ్న: కొత్త ఇంటి అద్దాల మీది పెయింట్ చుక్కలు బ్లేడుతో గీకొచ్చా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: సబ్బునీళ్లతో బాగా తడిపి, కొత్త బ్లేడుతో ముందుకు మాత్రమే తోయండి. వెనక్కి లాగితే ఇసుక రేణువు చిక్కి గీత పడుతుంది. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దమైతే ముందు ఒక మూల చిన్నగా చూడండి. సన్ ఫిల్మ్ ఉంటే బ్లేడు అసలు తగలనివ్వొద్దు. సిమెంటు చాలాకాలం ఉండి అద్దాన్ని తినేస్తే ఆ మచ్చ కడిగితే పోదు. పని మొదలుపెట్టకముందే ఆ మాట యజమానికి చెప్పి, ఫోటో తీసి ఉంచండి.