చేపల చదువంటే చిన్నచూపెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ రెండో సంవత్సరం. చేపలో ఎర్ర కండ ముందుగా ఎందుకు పాడవుతుందో ఎక్కడో చదివి, అప్పటి నుంచి బీఎఫ్‌ఎస్సీ (మత్స్య శాస్త్ర డిగ్రీ) అంటోంది. నాకు బీటెక్ బయోటెక్నాలజీ మేలనిపిస్తోంది. ఏది మంచిది?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ బెంగ నలుగురూ ఏమంటారోనని. చుట్టూ చెరువులూ ఐస్ ఫ్యాక్టరీలూ ఉన్న ఊళ్ళో ఉండి చేపల చదువంటే జంకడం సరికాదండీ.

అమ్మాయి పట్టుకున్నది చిన్న విషయం కాదు. కానాగంత (మాకెరెల్) చేపను అడ్డంగా కోస్తే చర్మం కింద, పక్కల వెంబడి ముదురు ఎరుపు పట్టీ కనిపిస్తుంది. ఆగకుండా ఈదడానికి పనికొచ్చే కండ అది. అందులో కొవ్వు, మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ ఎక్కువ. చేప చచ్చాక మయోగ్లోబిన్‌లోని ఇనుము ఆ కొవ్వు ఆక్సీకరణను తొందరపెడుతుంది, అందుకే ముక్కిన వాసన అక్కడే ముందు మొదలవుతుంది. తెల్ల కండ తీరు వేరు. అది గ్లైకోజెన్ మీద, అంటే కండలో నిల్వ ఉండే పిండి పదార్థం మీద నడుస్తుంది. వలలో చాలాసేపు గింజుకున్న చేపలో ఆ నిల్వ ముందే అయిపోతుంది. దాంతో చేప త్వరగా బిగుసుకుని, త్వరగా మెత్తబడుతుంది. పండుగప్పలో ఎక్కువ భాగం తెల్ల కండే కాబట్టి పట్టగానే ఐస్‌నీళ్ళలో ముంచాలి, తర్వాత కిలో చేపకు కిలో ఐస్ వేయాలి. కానాగంత, ట్యూనా ఎండలో ఉండిపోతే హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది, అది వండినా పోదు. ఎగుమతి సరుకు వెనక్కి రావడానికి అదొక్కటి చాలు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ విభాగం చూసేది ఇవే.

బయోటెక్ పేరు వినసొంపుగా ఉంటుంది. కానీ ఒక్క బీటెక్‌తోనే మంచి ల్యాబ్ ఉద్యోగం వస్తుందంటే నాకు నమ్మకం లేదు. పరిశోధనకు ఎంటెక్, పీహెచ్‌డీ దాకా వెళ్ళాలి. అంత ఓపిక లేనివాళ్ళు చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లో తేలుతున్నారు. దానికి బయోటెక్ ఫీజు కట్టడం దేనికి? చదవాల్సింది అమ్మాయి, మీ పరువు కాదు.

బీఎఫ్‌ఎస్సీలోనూ కష్టం ఉంది. ప్లాంటులో చలి, తడి, రాత్రి షిఫ్టులు, మొదట్లో తక్కువ జీతం. ఆ తర్వాత పీజీ అయిన ఎంఎఫ్‌ఎస్సీలో ఫిష్ ప్రాసెసింగ్ తీసుకుంటే దారి విశాలమవుతుంది. ఇదే పని మీద ఉన్న కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్‌కు విశాఖలోనూ పరిశోధన కేంద్రం ఉంది. అమ్మాయి దారి తప్పడం లేదు, కంగారు పడకండి.

ఈ ఆదివారం ఒక కానాగంత కొనివ్వండి. ఎర్ర పట్టీని, తెల్ల కండను వేరు చేసి, విడివిడిగా కవర్లలో పెట్టి, ఐస్ నింపిన థర్మకోల్ పెట్టెలో ఉంచమనండి. కరిగిన నీళ్ళు తీసేసి ఐస్ మారుస్తూ రోజూ వాసన, రంగు రాసుకోమనండి. ఆసక్తి ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది. ఇంకో మాట: బీఎఫ్‌ఎస్సీ ప్రవేశాలు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో జరగవు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వచ్చాక విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్ కోసం చూసుకోండి. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాల సీట్లకు దరఖాస్తు ఆ దారినే.