యూరియా పెరుగుతోంది, దిగుబడి పెరగడం లేదు: పరిశోధన నాకేం చేస్తుంది?

ప్రశ్న: నాలుగెకరాల్లో వరి వేస్తాను. ఏటా యూరియా కొంత పెంచుతున్నా దిగుబడి అక్కడే ఆగిపోయింది. బోరులో నీరు తగ్గుతోంది, వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమ పోటు మాత్రం తగ్గడం లేదు. ఏ సభకు వెళ్లినా పరిశోధన, నవకల్పన, సుస్థిర ఆహార వ్యవస్థ అంటున్నారు. వాటిలో నా పొలానికి పనికొచ్చేది ఏమైనా ఉందా?
– ఓ వరి రైతు

జవాబు: మీ చివరి వాక్యం చదివి కాస్త ఇబ్బంది పడ్డాను. అందులో మా వ్యవసాయ శాస్త్రవేత్తల తప్పూ ఉంది. చాలాకాలం మేం ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నది ఒక్కటే కొలిచాం. ఆ బస్తాల కోసం ఎంత నీరు తోడారు, వేసిన ఎరువులో ఎంత పైరుకు అందింది అనేది తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాం. సుస్థిరం అనే ఆ పెద్ద మాటకు మీ గట్టు మీద నిలబడి అర్థం చెప్పమంటే, ఈ ఏడు పండిన పంట పదేళ్ల తర్వాత కూడా అదే నేలలో, అదే బోరు కింద పండాలి అంటాను.

ముందు యూరియా సంగతి. నీరు కట్టిన మడిలో చల్లిన యూరియాలోని నత్రజనిలో పైరు తీసుకునేది మామూలుగా 30–40 శాతమే. నిలిచిన నీటిలో చల్లినది అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. మడి ఆరినప్పుడు కొంత నైట్రేటుగా మారి, మళ్లీ నీరు నిండగానే అది కూడా వాయువై పోతుంది. ఏటా మీరు పెంచిన ఆ కాస్త యూరియాలో చాలా భాగం పైరుకు అందనే లేదు. అవసరానికి మించి అందినదేమో ఆకును మెత్తబరచి, దుబ్బును గుబురుగా పెంచి దోమను రమ్మని పిలిచింది. మీరు రాసిన కష్టాల్లో రెండింటికి వేరు ఒకటేనని నా అనుమానం.

దీనికి కొత్త మందేమీ అక్కర్లేదు. లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ గడులు వరసగా ఉండే ఆకు రంగు కార్డు ఒకటి సంపాదించండి. నాటిన రెండు వారాల నుంచి 7–10 రోజులకోసారి ఉదయం పూట పది దుబ్బులు ఎంచుకుని, పూర్తిగా విచ్చుకున్న పై ఆకును కార్డుతో పోల్చండి. కార్డు మీద మీ నీడ పడాలి, ఎండలో రంగు తేడాగా కనపడుతుంది. పదిలో ఆరు ఆకులు మీ రకానికి చెప్పిన గడి కంటే పాలిపోయి ఉంటేనే యూరియా వేయండి. చాలా రకాలకు నాలుగో గడి, కొన్ని సన్న, సువాసన రకాలకు మూడో గడి చూస్తారు. పక్క పొలంలో చల్లుతున్నారని మనమూ చల్లడం మానేస్తే చాలు, సగం ఖర్చు అక్కడే ఆగుతుందని నేను తరచూ అంటుంటాను. సగం అన్నది లెక్క కాదు లెండి, మాటవరసకు.

నీటి విషయంలో నేను గట్టిగా చెప్పేది ఆరుతడి, అంటే మడిని కాస్త ఆరనిచ్చి మళ్లీ తడి పెట్టడం. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ దీనికో చిన్న సాధనం ప్రచారం చేసింది. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం తీసుకుని కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టండి. ఆ సగాన్ని మడిలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. మరీ మెరకగానీ పల్లంగానీ కాని చోట, గట్టుకు దగ్గరగా ఉంటే చూడటం తేలిక. పైన నేల ఆరినా లోపల నీరు కనపడుతుంటే పైరుకు ఏ ఢోకా లేదు. గొట్టం అడుగు తేలినప్పుడు, అంటే నీరు 15 సెంటీమీటర్ల లోతుకు దిగినప్పుడు, మళ్లీ 5 సెంటీమీటర్లు నిలిచేలా తడి పెట్టండి. యూరియా వేయాల్సి వస్తే ఆ తడికి ముందే ఆరిన నేల మీద చల్లి వెంటనే నీరు వదలండి, నీటితోపాటే వేరు దగ్గరికి దిగుతుంది.

నాటిన మొదటి రెండు వారాలు ఇది వద్దు, కలుపు పట్టుకుంటుంది. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా కూడా నీరు నిలిపే ఉంచాలి. చౌడు నేలల్లో అయితే అసలు చేయకండి. సరిగ్గా పాటిస్తే 30 శాతం దాకా నీరు ఆదా అయి, దిగుబడి తగ్గదు. నీరు నిలిచిన మడిలో గాలి ఆడక సూక్ష్మజీవులు తయారుచేసే మీథేన్ కూడా దాదాపు సగానికి పడిపోతుంది. అది మీ ఖర్చు పుస్తకంలో కనపడదు, కానీ సభల్లో ఈ పద్ధతిని అంతగా పొగిడేది అందుకే.

దోమ గురించి ఇండోనేసియా అనుభవం చెబుతాను. అక్కడ మందులు కొట్టేకొద్దీ సుడిదోమ పెరిగింది, ఎందుకంటే మందుకు ముందు చచ్చేవి దోమను తినే సాలీళ్లు, మిత్ర పురుగులు. 1986లో ఆ ప్రభుత్వం వరిపై 57 రకాల మందులను నిషేధించింది. తర్వాత రైతులకు పొలంలోనే కూర్చోబెట్టి పురుగులను లెక్కపెట్టడం నేర్పారు. దిగుబడి పడిపోలేదు. మీరూ దుబ్బు మొదట్లో చూసి దోమనూ సాలీడునూ రెండింటినీ లెక్కపెట్టాకే మందు సంగతి ఆలోచించండి.

రైతు ఏమీ కొనకుండా లాభపడిన పరిశోధనలూ ఉన్నాయి. ఆఫ్రికాలో కర్రపెండలాన్ని పిండినల్లి తినేస్తుంటే, శాస్త్రవేత్తలు ఆ నల్లి పుట్టిల్లయిన దక్షిణ అమెరికాలో వెతికి, 1981లో పరాగ్వేలో దాని శత్రువైన చిన్న కందిరీగను కనుక్కున్నారు. దాన్ని తెచ్చి వదిలితే పంట నిలబడింది. ఆ పనికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఇలాంటి పని సీసాలో పోసి అమ్మేది కాదు కనుక దీనికి ప్రజల సొమ్ము కావాలి, ఓపిక కూడా. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఒకే పొలంలో గోధుమ మీద ఎరువుల ప్రయోగం 1843 నుంచి నేటికీ నడుస్తోంది.

మీరు అంతకాలం ఆగనక్కర్లేదు. ఈసారి ఒకే మడిలో పక్కపక్కనే రెండు పట్టీలు వదలండి. ఒకదాన్ని ఎప్పటిలాగే సాగు చేయండి. రెండోదానికి కార్డు, గొట్టం వాడండి. రెండింటి మధ్య గట్టు వేయకపోతే నీరు కలిసిపోయి లెక్క పాడవుతుంది. రకం, నాటిన తేదీ ఒకటే ఉండాలి. కొత్త పద్ధతికి మంచి నేల ఇచ్చి గెలిపించే పని మాత్రం చేయకండి, మాలో కూడా కొందరికి ఆ బలహీనత ఉంది! మోటారు ఎన్ని గంటలు నడిచింది, యూరియా ఎన్ని కిలోలు పడింది, మందు ఎన్నిసార్లు కొట్టారు అన్నవి రాసుకోండి. కోశాక రెండింటి ధాన్యాన్నీ సమంగా ఆరబెట్టి విడివిడిగా తూచండి. ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పొద్దు, రెండు చూడండి.

తడి పెట్టిన తేదీలు తప్పకుండా రాయండి. మొదటి సీజన్ లెక్కలు నాకు పంపితే, మీ నేలకు గొట్టం లోతు 15 సెంటీమీటర్లు సరిపోతుందా, 10కి తగ్గించాలా అన్నది వాటిని చూసి చెప్పగలను.