మాంటిల్ బొమ్మలు ఊహలేనా?

మనిషి తవ్విన అతి లోతైన బోరే రష్యాలోని కోలాలో 12 కిలోమీటర్లు దాటి కొంచెమే దిగింది కదా, భూమి పైపెంకు కింద 2,900 కిలోమీటర్ల దాకా ఉన్న రాతి పొర మాంటిల్‌ని రంగుల్లో గీసి చూపిస్తున్నారంటే అదంతా ఊహేనా అని అడిగారు.

కాదు. పీజీలో నా ప్రాజెక్టు ఇదే కాబట్టి గట్టిగా చెప్పగలను.

దీనికి ముడిసరుకు ఆలస్యం. ఎక్కడో భూకంపం వస్తే, దాని పి-తరంగం (అన్నిటికంటే ముందు చేరేది) భూకంపాలు నమోదు చేసే ఫలానా స్టేషన్‌కి ఎన్ని నిమిషాల్లో చేరాలో ముందే లెక్క ఉంటుంది. పన్నెండు నిమిషాలు ప్రయాణం చేసిన తరంగం ఒక సెకను ఆలస్యంగా వచ్చిందంటే, ఆ సెకను దారిలో ఎక్కడో పోయింది. వేడి రాయిలో తరంగం నెమ్మదిస్తుంది, చల్లటి రాయిలో వేగంగా పోతుంది. ఎక్కడ నెమ్మదించిందో ఒక్క తరంగంతో తేలదు. అదే చోటుని వేరే వేరే దిక్కుల నుంచి దాటిన వేల తరంగాలను కలిపి లెక్కగట్టాలి. ఆసుపత్రి సీటీ స్కాన్‌లో కిరణాలు మనకు కావలసిన వైపు నుంచి పంపుకుంటాం. ఇక్కడ ఆ వీలు లేదు, భూకంపం దానికి ఇష్టమైన చోటే వస్తుంది.

నా నమ్మకం కుదిరింది మాత్రం అసలు డేటాతో కాదు. సీస్మోగ్రామ్‌ల (స్టేషన్లలో నేల కదలికను గీసిన రికార్డుల) మీద తరంగం మొదలైన క్షణాన్ని గుర్తించే పని అంతా అయ్యాక, మ్యాప్ చూపిద్దామని వెళ్తే మా గైడ్ మేడమ్ దాన్ని పక్కన పెట్టేశారు. "ముందు చెకర్‌బోర్డ్ టెస్ట్ చెయ్యి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. అంటే కంప్యూటర్‌లో మాంటిల్ అంతా వేగం ఎక్కువ, తక్కువ గళ్లతో నింపాలి. అవే భూకంపాలు, అవే స్టేషన్లు ఉంటే తరంగాలు ఎప్పుడు చేరతాయో లెక్కగట్టి, ఆ సమయాల నుంచి గళ్లు తిరిగి వస్తాయా అని చూడాలి. స్టేషన్లు దట్టంగా ఉన్న నేల కింద గళ్లు చక్కగా వచ్చాయి. సముద్రం కింద మాత్రం ఏటవాలుగా సాగిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ చారలు నేను పెట్టినవి కావు, తరంగాలు వెళ్లిన దారుల జాడలు. ఆ స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడే, మ్యాప్‌లో ఏ మూల నమ్మాలో ఏ మూల నమ్మకూడదో కళ్లకు కట్టింది.

అందుకే వార్తల్లో ఎర్రటి మచ్చ ఒక్కటే వేసి ఈ పరీక్ష ఫలితం వెయ్యకపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకా ఘోరం, ఎరుపు చూపించి "కరిగిన లావా సముద్రం" అనడం. పి-తరంగాల తర్వాత వచ్చే ఎస్-తరంగాలు ద్రవంలో పోవు. మాంటిల్‌ని పైనుంచి కిందిదాకా దాటుతున్నాయంటే అది గట్టి రాయే, కొన్ని చోట్ల కాస్త కరుగు ఉంటే ఉండొచ్చు. ఎరుపు అంటే వేగం తగ్గిందని, అదీ చాలావరకు ఒకటి రెండు శాతం.

ఊహ అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. ఉత్తర అమెరికా కింద ఫారలాన్ అనే పాత సముద్రపు పలక దిగబడిపోయింది. 1990లలో ఒకరు పి-తరంగాలతో, ఇంకొకరు ఎస్-తరంగాలతో విడివిడిగా లెక్కగడితే, కింది మాంటిల్‌లో అదే చోట అదే పొడవాటి చల్లటి పట్టీ కనిపించింది. ఊహలు అలా కలవవు.

అసలు కొరత కంప్యూటర్లలో లేదు, స్టేషన్లలో ఉంది. భూమిలో దాదాపు 70 శాతం సముద్రం, సీస్మోమీటర్లు చాలావరకు నేల మీదే. హవాయి చుట్టూ 2005 నుంచి 2007 దాకా సముద్రం అడుగున పరికరాలు పెట్టాకే ఆ దీవుల కింది బొమ్మ మెరుగుపడింది. పసిఫిక్ అడుగున, మాంటిల్ చిట్టచివర, ఎస్-తరంగాలు నెమ్మదించే ఒక బ్రహ్మాండమైన మండలం ఉంది. ఆఫ్రికా కింద ఇంకొకటి. అవి వేడి రాయి మాత్రమేనా, వేరే పదార్థమా అనే వాదన ఇంకా తెగలేదు. ఎంత పెద్ద సూపర్ కంప్యూటర్ కొన్నా, తరంగమే దాటని చోటు గురించి అది ఏమీ చెప్పలేదు. డబ్బు ముందు సముద్రం అడుగున పరికరాలకు పెట్టాలి.